సడన్‌గా అనని మనిషి

మా ఆత్మకూరులో ఇప్పుడు ఎవరూ మెల్లగా చనిపోవడం లేదు. అందరూ సడన్‌గానే పోతున్నారు. మొన్న మా వీధి మలుపులో తొంభై దాటిన పెద్దాయన పోయాడు. రెండేళ్ల నుంచి మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. కోడలు గంజి పోసిన ప్రతిసారీ దిగుతుందా లేదా అని ఆయన గొంతు వంకే చూస్తూ కూర్చునేది. ఆయన పోయిన కాసేపటికే మనవడు సెల్లులో ఫొటో పెట్టాడు. చుట్టూ గులాబీలు, కింద రెండు దీపాలు, ఆ కింద ‘మా తాతగారు సడన్‌గా మమ్మల్ని విడిచి వెళ్లిపోయారు’ అని అక్షరాలు. ఆయనకు ఆ గడప దాటడానికి రెండేళ్లు పట్టింది. ఇందులో సడన్ ఎక్కడుందో నాకు అంతుపట్టలేదు.

మా మనవరాలు శ్రీదివ్య ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతుంది. ఆ మాట సంగతి దాన్నే అడిగాను.

“ఉన్నట్టుండి అని అర్థం అవ్వా. ముందు ఏమాత్రం తెలియకుండా జరిగితే వాడాల. కుక్క అడ్డం వచ్చింది, బస్సు సడన్‌గా ఆగింది. అట్ట.”

“మరి ఆ పెద్దాయన పోయేది ఊరందరికీ ముందే తెలుసు గదే.”

“అది వాడకం అవ్వా. అందరూ అంటారు, వీళ్లూ అన్నారు.”

వాడకమంట. నేను మూడో తరగతిలోనే పలక పక్కన పెట్టినదాన్నే గానీ, పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి కిరాణా కొట్టు గల్లా దగ్గరే కూర్చున్నాను. ఏ మాట ఎవరు ఎందుకు వాడతారో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. చింతపండు ధర సడన్‌గా పిరమైపోయిందమ్మా అంటాడు సరుకు తెచ్చేవాడు. వేసవి నుంచి గోడౌన్లో దాచిపెట్టింది వాడే. అమ్మాయి పెళ్లి సడన్‌గా కుదిరింది, అందుకే పిలవలేకపోయాం అంటుంది ఒకామె. ఆ పెళ్లికి చీరలు ఎప్పుడు తీశారో బట్టల కొట్టాయన నాకు ముందే చెప్పి ఉంటాడు. నాకు అర్థమైనంతలో ఆ ఇంగ్లీషు మాటకు అర్థం, ఇంక నన్నేమీ అడగొద్దు అని.

ఆ మాట ఒక్కసారి కూడా నోట పలకని మనిషి ఒకాయన ఉన్నాడు. ఇది ఆయన కథ.

పేరు పెంచలనరసయ్య. పుట్టింది ఉదయగిరి కొండ కింద. ఉదయగిరికీ ఆత్మకూరుకూ మధ్య తిరిగే ఒక ప్రైవేటు బస్సులో కండక్టరుగా పనిచేశాడు. ఆ బస్సు తిరగడం మానేశాక ఆత్మకూరులోనే బస్టాండు వెనక ఇల్లు తీసుకుని ఉండిపోయాడు. సన్నగా, పొడుగ్గా, మెడ కాస్త ముందుకు వంగి ఉంటాడు. బస్సు తలుపు దగ్గర వంగి వంగి నిలబడి అట్లా అయిందని ఆయన భార్య మస్తానమ్మ అంటుంది. గొంతు ఎంత మెత్తనంటే, ఆయన ‘రైట్’ అంటే డ్రైవరుకు వినపడేది కాదు. వెనక సీట్లో వాళ్లు అందుకుని అరిచేవాళ్లు.

ఫోన్లు లేని ఆ రోజుల్లో ఉదయగిరి వైపు ఎవరైనా చనిపోతే, తెల్లవారకముందే ఆ ఇంటి వాళ్లు బస్సు దగ్గరికి వచ్చేవాళ్లు. “నరసయ్యా, మా నాయన పోయినాడు. ఆత్మకూరులో మా చెల్లెలికి చెప్పి తీసకరా” అని ఆయన చెవిలో వేసి పోయేవాళ్లు. ఆడబిడ్డలను ఇటువైపు ఇచ్చిన ఇళ్లు చాలా ఉండేవి. కండక్టరు ఉద్యోగంతో పాటు ఈ పని కూడా ఆయనకు అంటుకుంది. దీనికి ఎవరూ ఆయనకు ఏమీ ఇచ్చింది లేదు, ఆయన అడిగిందీ లేదు.

మొదటిసారి ఆయన కుర్రవాడు. బస్సు దిగకుండానే, కుళాయి దగ్గర బిందె పెట్టి నిలబడిన ఒకామెతో, “అమ్మా, మీ అన్న పోయినాడంట” అనేశాడు. ఆమె నిలబడినది నిలబడినట్టే కుళాయి గట్టు మీద పడింది. నుదురు చిట్లి, రక్తం బిందె నీళ్లలో కలిసింది. ఆమె అన్న కోసం ఏడ్చిందో నొప్పికి ఏడ్చిందో ఎవరికీ తెలియలేదు. ఆ రోజంతా టికెట్లు చింపడానికి ఆయనకు చేతులు రాలేదట. తర్వాత ఎప్పుడు ఆమె బస్సెక్కినా నుదుటి మీద మచ్చే ముందు కనిపించేది.

అప్పటి నుంచి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కబురు మోసుకుని వస్తే ఆ ఇంటికి నేరుగా పోడు. పక్కింటికి పోతాడు. ఆత్మకూరులో మా బజారు వరకు ఆ పక్కిల్లు మాదే. ఎవరు పోయారో నాకు చెప్పి, “అక్కా, ఆ బిడ్డ అన్నం తినిందో లేదో కనుక్కో” అంటాడు. తినకపోతే నేనేదో వంక పెట్టి పళ్లెంలో ఇంత పెట్టుకుని పోయేదాన్ని. ఎందుకంటే, కబురు తెలిసిన తర్వాత ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. శవం లేచేదాకా ఆ పిల్ల పచ్చి మంచినీళ్లు ముట్టదు. ఎండలో అంత దూరం పోయి, ఏడ్చి, స్పృహ తప్పిన వాళ్లను ఎంతమందిని చూశామో.

ఆమె తిని చెయ్యి కడుక్కున్నాక ఈయన వచ్చి కూర్చుంటాడు. మంచినీళ్లు అడుగుతాడు. వానల గురించి రెండు మాటలు మాట్లాడతాడు. ఆ తర్వాత, “నాయనకు కాస్త నలతగా ఉండాదంట తల్లీ, చూసొద్దాం రా” అంటాడు. బస్సు సగం దూరం పోయాక, “కాస్త ఎక్కువగానే ఉండాదంట” అంటాడు. కొండ కనపడే చోటికి వచ్చాక ఏమీ అనడు. కిటికీ వైపు చూస్తూ నిలబడతాడు. ఉదయగిరిలో బస్సు ఆగేసరికి ఆ పిల్లకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయి ఉంటుంది. పడిపోదు. దిగి నడుచుకుంటూ ఇంటికి పోయి, అక్కడ ఏడుస్తుంది.

ఇది మంచిదే. కానీ దీనివల్ల ఆయనకు ఒక కష్టం వచ్చిపడింది. ఈ పద్ధతి ఊళ్లన్నిటికీ తెలిసిపోయింది. ఆయన ఎవరిని ‘తిన్నావా’ అని అడిగినా వాళ్ల గుండె జారిపోయేది. చేజర్లలో ఒక పెళ్లికి పోయి, మర్యాదకు పెళ్లికూతురి మేనత్తను, “భోంచేసినారా అమ్మా” అన్నాడు. ఆమె చేతిలో పూలబుట్ట కింద పెట్టి, “ఎవరు నరసయ్యా, మా పెద్దన్నా?” అని అక్కడే చతికిలబడింది. పెద్దన్న పందిట్లో చేతులు కడుక్కుంటున్నాడు. ఆ తర్వాత ఎక్కడికి పోయినా మస్తానమ్మ ముందు నడిచేది. “మా ఆయన ఊరికే వచ్చినాడు, భయపడబాకండి” అని చెప్పుకుంటూ పోయేది.

ఫోన్లు వచ్చాక ఆయన పని పోతుందనుకున్నాం. పూర్తిగా పోలేదు. దూరపు చుట్టాలకు ఫోన్లో చెప్పేస్తారు. కూతురికో చెల్లెలికో చెప్పాలంటే మాత్రం ఇప్పటికీ ఆయననే వెతుక్కుంటారు. ఆయన ఇంట్లో కూడా ఫోన్ మోగిన ప్రతిసారీ మస్తానమ్మ ఆయన చొక్కా అందుకుంటుంది.

ఇంక విజయదుర్గ సంగతి.

విజయదుర్గ మా పక్కింటి పిల్ల. పిల్ల అంటున్నాను గానీ ఆమెకూ జుట్టు నెరిసింది. భర్త బాలసుబ్రహ్మణ్యానికి ఎరువుల కొట్టు. ఇంతకుముందు కలువాయిలో ఉండేవాళ్లు, తర్వాత ఇక్కడికి మారారు. పుట్టిల్లు ఉదయగిరి. తండ్రి చెంచురామయ్య, తల్లి వరలక్ష్మమ్మ, తమ్ముడు ఆనందకుమార్. అక్కడ బజార్లో వాళ్లది పాత్రల కొట్టు.

వాళ్ల నాయన పోయినప్పుడు విజయదుర్గ కలువాయిలో ఉంది. కబురు తీసుకుపోయింది నరసయ్యే. అక్కడ కూడా పక్కింటామెకు చెప్పి దుర్గకు అన్నం పెట్టించాడు. తర్వాత, నాయనకు కాస్త నలతగా ఉంది అన్నాడు. ఆయన పద్ధతి అప్పటికి ఆ వైపు వాళ్లకు తెలియదు. నలతే గదా అని ఆ పిల్ల నమ్మింది. కొట్టు మూసుకుని భర్త వచ్చేదాకా ఆగింది. నాయనకు నోరు చేదుగా ఉంటుందేమోనని నిమ్మకాయ ఊరగాయ జాడీలో పెట్టుకుంది. తలదువ్వుకుంది. వాళ్లు ఉదయగిరిలో బస్సు దిగి ఇంటికి పోయేసరికి గడప ముందు నీళ్లు పారుతున్నాయి. ఇల్లు కడుగుతున్నారు. శవం లేచిపోయింది. మర్నాడు అమావాస్య, పొద్దుగూకక ముందే తీసెయ్యాలని పెద్దవాళ్లు అన్నారట.

జాడీ చేతిలో పట్టుకుని ఆ పిల్ల వాకిట్లో నిలబడింది. “ఒక్క గంట ఉంచలేకపోయినావా అమ్మా నా కోసం” అని అడిగింది. వరలక్ష్మమ్మ మొండి మనిషి. “ఉంచేదానికి లేదు” అని లోపలికి పోయింది. అంతే. ఒక కారణం చెప్పలేదు, దగ్గరికి తీసుకోలేదు. దుర్గ ఆ జాడీ ఆ గడప మీదే పెట్టి తిరిగి వచ్చింది. మళ్లీ ఆ ఇంటికి పోలేదు. తమ్ముడి ఫోన్లు ఎత్తదు. తల్లి పేరు ఎత్తితే లేచి వెళ్లిపోతుంది.

నరసయ్యను ఆ పిల్ల ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది. ఆయన మా కొట్టుకు వస్తే ఆమె వాకిట్లో నుంచి లోపలికి పోయి తలుపు దగ్గరకు వేసుకునేది. ఆయన ఆ తలుపు వంక చూసి, ఏం కావాలని వచ్చాడో మరచిపోయి వెళ్లిపోయేవాడు.

పోయిన వేసవిలో ఒక రోజు పొద్దున్న నేను కొట్టు తీసి నీళ్లు చల్లుతున్నాను. నరసయ్య వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదానికి ఒకటి తప్పి ఉన్నాయి.

“అక్కా, ఆనందకుమార్ ఫోన్ చేసినాడు. వాళ్లమ్మకు సీరియస్‌గా ఉండాది.”

నేను చెంబు కింద పెట్టాను. కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. “ఎప్పుడు పోయింది నరసయ్యా?”

“పోలేదక్కా.”

“నాకు కూడా దాస్తావేంది. ఇన్నేళ్లుగా నీతో పాటు ఈ పని చేసినదాన్ని.”

“లేదక్కా. ఉండాది. నెల్లూరు డాక్టరు ఇంటికి తీసకపొమ్మన్నాడంట. సాయంత్రం దాటేది కష్టం అన్నాడంట. కూతురి పేరు ఒకటే అంటా ఉండాదంట. పోవాల. ఇప్పుడే పోవాల.”

నాకు నమ్మకం కలగలేదు. ఆయన నోట నలత అనో సీరియస్ అనో వచ్చి, ఆ మనిషి బతికి ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. “సరేలే. ఆ పిల్ల ఇంకా ఏమీ తినినట్టు లేదు. ఇడ్లీలు ఉండాయి, పెట్టుకొని వస్తా ఉండు” అని లోపలికి తిరిగాను.

ఆయన నా ముందుకొచ్చి అడ్డం నిలబడ్డాడు. “తిండి వద్దక్కా. ఈసారి తిండి వద్దు.”

అప్పుడు నమ్మాను.

దుర్గ మిద్దె మీద నీడలో పీట వేసుకుని వడియాలు పెడుతోంది. చేతులు మణికట్టు దాకా పిండి. మా ఇద్దరినీ కలిపి మెట్ల మీద చూసిందో లేదో, చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. లోపలికి వెళ్లిపోలేదు. పోవడానికి ఆ మిద్దె మీద తలుపు లేదు.

నరసయ్య కూర్చోలేదు. మంచినీళ్లు అడగలేదు. “దుర్గమ్మా, మీ అమ్మ ఉండాది. బతికే ఉండాది. నిన్నడుగుతా ఉండాది. లెయ్ తల్లీ” అన్నాడు.

ఆ పిల్ల ఆయన వంక చూడలేదు. నా వంక చూసింది. “పెద్దమ్మా, నువ్వెందుకు వచ్చినావు ఈయనతో?”

అలవాటుగా వచ్చానని ఎట్లా చెప్పను.

“అర్థమయిందిలే” అంది. “అమ్మ పోయింది. ఈయప్ప నన్ను మెల్లగా దింపతా ఉండాడు.”

“పోలేదు తల్లీ, ఒట్టు.”

“నాయనప్పుడు కూడా నలత అనే అన్నావు మామా. నమ్మి తల దువ్వుకొని వచ్చినా.”

ఆమె లేచి, గిన్నెలో మిగిలిన పిండి మీద గుడ్డ కప్పింది. చాలా నిదానంగా. “పోతాలే. మా ఆయన నెల్లూరు నుంచి సాయంత్రానికి వస్తాడు, వచ్చినంక పోతాం. ఈసారైనా నేనొచ్చేదాకా ఉంచమని చెప్పండి వాళ్లకు. అంతకంటే నేనేం అడగను” అంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. పోయిన మనిషి కోసం ఏడ్చే ఏడుపు అది. అందులో తొందర ఉండదు.

నరసయ్య ఆనందకుమార్‌కు ఫోన్ కలిపి ఆమె చెవి దగ్గర పెట్టాడు. అవతల వాడు ఏడుస్తూ, “అక్కా, సీరియస్‌గా ఉండాది, రా అక్కా” అన్నాడు. వాడూ ఆ మాటే. “అమ్మ చేత మాట్లాడించు” అంది దుర్గ. “మాట్లాడలేకపోతా ఉండాది” అన్నాడు. “అయితే చూపించు.” వాడు ఫోన్ తిప్పి చూపించాడు. నేనూ తొంగి చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. వరలక్ష్మమ్మ మంచం మీద లేదు. నేల మీద ఉంది. కళ్లు మూసుకుని, చేతులు రెండు పక్కలా పెట్టి వెల్లకిలా ఉంది. పక్కన ఎవరో ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు.

మంచం మీద నుంచి ఎప్పుడు దించుతారో మా వాళ్లలో అందరికీ తెలుసు. దుర్గ ఫోన్ నరసయ్య చేతిలో పెట్టేసింది. “స్నానానికి నీళ్లు పెట్టుకుంటా” అని మెట్ల వైపు నడిచింది.

ఆయన ఎంత చెబితే ఆమె తల్లి అంత చచ్చిపోతోంది. బతికి ఉందని ఒట్టు వేస్తే పోయిందని అర్థం, పోలేదని ఏడిస్తే ఇంకా పోయిందని అర్థం. జీవితమంతా అందరినీ అట్లా వినడానికి అలవాటు చేసింది ఆయనే. అక్కడ సాయంత్రం దాటదన్న మనిషి కూతురి పేరు పలుకుతూ పడి ఉంది. ఇక్కడ కూతురు నీళ్లు కాచుకోవడానికి పోతోంది.

నరసయ్య మెట్ల మీద ఆమెకు అడ్డం పోయాడు. ఆ మెత్తని గొంతు ఎక్కడికి పోయిందో.

“మీ అమ్మ ఏమన్నదో చెప్పేదా? చెప్పకూడదనుకున్నా. రాతిగుండెదాన్ని కన్నాను అన్నది. దానికి వాళ్ల నాయనే గానీ నేనెప్పుడూ అమ్మను కాలేదు అన్నది. రాకపోతే మానె, నేను పోయినాక వచ్చి దొంగ ఏడుపులు ఏడిస్తే పాడె మీద నుంచి లేచి చెంప పగలగొడతా అన్నది. పోయి చెప్పమన్నది. చెప్పినా. ఇంక నీ ఇష్టం.”

పోయిన మనిషిని గురించి ఆ రోజున అట్లా ఎవరూ మాట్లాడరు. శవం లేవక ముందే ఎంత గయ్యాళి అయినా మహాతల్లి అయిపోతుంది.

దుర్గ అక్కడే నిలబడింది. ముఖం ఎర్రబడింది. “ఎవరివి దొంగ ఏడుపులు? నావా?”

“నీవే.”

“నాయన ముఖం చూడనీకుండా చేసి, నన్నంటదా రాతిగుండెదని? ఇన్నేళ్లలో ఒక్కసారన్నా ఈ గడప తొక్కిందా ఆమె? నేనా రాతిగుండె దాన్ని?”

“ఏమో తల్లీ. ఆమె అన్నది నీకు చెప్పినా. నువ్వు అడగాలంటే ఆమెనే అడుగు.”

“అడుగుతా” అంది. “యాడున్నా అడుగుతా, పదండి.”

చేతుల పిండి కడుక్కోలేదు. చీర మార్చుకోలేదు. చెప్పులు వేసుకుందో లేదో నేను చూడలేదు. ఎదురింటి కామయ్య కారు వాకిట్లోనే ఉంది. కొట్టుకు తలుపులు లాగేసి నేనూ ఎక్కాను.

దారి సగం వరకు ఆ పిల్ల తల్లిని తిడుతూనే ఉంది. చిన్నప్పుడు జడ బిగించి వేసి కళ్లల్లో నీళ్లు తెప్పించిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది. తమ్ముడికి మీగడ, తనకు మజ్జిగ. నరసయ్య ముందు సీట్లో, వంగిన మెడ ఇంకా వంచుకుని, ఒక్కదానికీ కాదనకుండా విన్నాడు. కొండ కనపడగానే ఆమె గొంతు ఆగిపోయింది.

“మామా. పోయి ఉంటే చెప్పెయ్. పడిపోనులే.”

ఆయన వెనక్కి తిరిగాడు. “పోయి ఉంటే నీకు అన్నం పెట్టకుండా తీసకపోతానా తల్లీ?”

ఆమె కిటికీ వైపు తిరిగి, పిండి చేత్తోనే కొంగు పట్టుకుని నోరు మూసుకుంది.

ఉదయగిరిలో ఆ ఇంటి ముందు చుట్టాలు అప్పటికే చేరారు. వాళ్లకూ ఫోన్లో సీరియస్ అనే వెళ్లింది మరి. ఎవరో చేజర్ల నుంచి పూలదండ కూడా తెచ్చి, ఇంకా ప్రాణం ఉందని తెలిసి, దాన్ని అరుగు మూల సంచిలో దాచిపెట్టారు. కారు ఆగింది. ముందు నరసయ్య దిగాడు, వెనకే దుర్గ. ఆ ఇద్దరినీ ఒకచోట చూసేసరికి వాకిట్లో ఉన్న ఆడవాళ్లకు ఏడుపు ఆగలేదు. ఒకామె రాగం ఎత్తింది, మిగతావాళ్లు అందుకున్నారు. దుర్గ కారు తలుపు పట్టుకుని వేలాడింది.

“నోళ్లు మూయండి. ఆమె ఉండాది.”

ఎవరు అరిచారా అని అందరూ చుట్టూ చూశారు. అరిచింది నరసయ్య. ఆయన దుర్గ మోచెయ్యి పట్టుకుని గుంపు మధ్యలోంచి గడప దాకా తీసుకుపోయి, అక్కడ వదిలేసి పక్కకు తప్పుకున్నాడు.

వరలక్ష్మమ్మ నేల మీదే ఉంది. వీపు మండిపోతోంది, చల్లటి బండ మీద పడుకోబెట్టమని ఆమే సైగ చేసిందట. ఆనందకుమార్ నాకు చెప్పాడు. దుర్గ తల్లి పక్కన గొంతుక్కూర్చుంది. తల్లి రొమ్ము పైకీ కిందికీ కదలడం చూసింది. ఆ తర్వాత అంది:

“నన్ను రాతిగుండెది అన్నావంటనే.”

వరలక్ష్మమ్మ కళ్లు తెరిచింది. కూతుర్ని చూసింది. ఆ పిండి చేతులు చూసింది. గడప దగ్గర తల వంచుకుని నిలబడిన నరసయ్యను చూసింది. ఆమె పొద్దుటి నుంచి దుర్గ అన్న మాట తప్ప ఇంకో మాట అనలేదని ఆనందకుమార్ అప్పుడే నా చెవిలో చెప్పాడు.

“అన్నానేమో” అంది వరలక్ష్మమ్మ. గాలి చాలడం లేదు, ఒక్కో మాట ఆగి ఆగి వస్తోంది.

“నావి దొంగ ఏడుపులా?”

“అదీ అన్నానా.” కాసేపు కళ్లు మూసుకుంది. “అన్నాలే. ఇప్పుడేందంట.”

దుర్గ కూలబడి కూర్చుంది. “నాయన్ను ఒక్క గంట ఉంచలేదు నువ్వు.”

తల్లి జవాబు చెప్పదనుకున్నాను. ఎప్పుడూ చెప్పలేదు గదా. కానీ చెప్పింది. “ముఖం అట్ట లేదే.”

“ఎట్ట లేదు?”

“నోరు వంకర పోయింది. కన్ను మూతపడలా. ఎంత చేసినా మూతపడలా. నువ్వు చూస్తే ఇంక అదే ముఖం నీకు. నేను చూసినా. నాకు ఇప్పటికీ అదే.”

“చెప్పొచ్చు గదమ్మా.”

“ఏమని చెప్పేది.”

ఆ పిల్ల వంగి, తల్లి భుజం పక్కన తల పెట్టి, ఆ బండ మీదే పడుకుంది. చేతులకు ఎండిన పిండి పొడిపొడిగా రాలుతోంది. వరలక్ష్మమ్మ, “చెయ్యి కడుక్కోకుండానే వచ్చినావే, మొద్దు” అంది. దుర్గ, “నువ్వే మొద్దు” అంది. ఇంక అక్కడ నాకు పని లేదని నేను లేచాను.

డాక్టరు చెప్పిన సాయంత్రం దాటింది. ఆ వేసవి కూడా దాటింది. దుర్గ నెలల తరబడి అక్కడే ఉండిపోయింది. తొలకరి పడ్డాక వరలక్ష్మమ్మ పోయింది, కూతురు ఆమె తలను ఒళ్లో పెట్టుకుని ఉండగా. అది తర్వాతి మాట.

ఆ రోజు నేను బయటికి వచ్చేసరికి నరసయ్య అరుగు చివర ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చుట్టాలు ఆయనకు దూరంగా జరిగారు, అరిచినందుకు కాబోలు. తువ్వాలు మడిచి మోకాలి మీద పెట్టుకున్నాడు. మళ్లీ విప్పుతున్నాడు, మళ్లీ మడుస్తున్నాడు.

“ఆమె అననివన్నీ అన్నట్టు చెప్పినావు గదయ్యా” అన్నాను.

“చెప్పినానక్కా. పాపం తగులుతుందా?”

“నన్నడిగితే నాకేం తెలుసు. నేనేమన్నా పురోహితుణ్ణా.”

లోపలి నుంచి గొంతులు వినపడ్డాయి. ఒకటి సన్నగా, ఆగి ఆగి. ఇంకొకటి గట్టిగా, మధ్యలో తెగి. ఆయన తల ఎత్తి విన్నాడు. ఆ మెత్తని గొంతుతోనే అడిగాడు.

“ఏం చేస్తా ఉండారక్కా?”

“తిట్టుకుంటా ఉండారు.”

నరసయ్య తువ్వాలు ముఖం మీద పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నేను పక్కన కూర్చున్నాను. ఆయన్ను ఏమీ అడగలేదు.